తెల్లపులికి బయలుదేరి మూడో పందిరికి చేరిన కథ

పిలవని ఆఫీసులోకి ఇంటిల్లిపాదితో వెళ్ళి, చాప పరిచి, అక్కడి ఉద్యోగులందరికీ కడుపునిండా భోజనం పెట్టి, ఆ నేరానికి సెక్యూరిటీ వాళ్ళ చేతికి చిక్కిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. అలాంటివాడు మన జిల్లా మొత్తానికి ఒక్కడే. అది నేనే. అప్పటికి నాకు ముప్ఫై ఆరేళ్ళు. తెలిసీ తెలియని వయసని తప్పించుకునే వీలు కూడా లేదు.

ముందు మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. చెప్పకపోతే నేను చేసింది పిచ్చిపనిలా కనిపిస్తుంది. చెబితే వంశపారంపర్యంగా వచ్చిన పిచ్చిపనిలా కనిపిస్తుంది. అదే కాస్త నయం.

మాది కనకమామిడి. మా తాత పటేల్. ఆయన రోజుల్లో ఇంటి ముందు గుర్రం ఉండేదట. మా నాన్న రోజులకు ఎడ్లబండి మిగిలింది. నా రోజులకు ఇంటి ముందు మిగిలింది నేనే. కాని నిలబడే తీరులో ఆ గుర్రానికి ఏమాత్రం తీసిపోయేవాణ్ని కాదు. వెన్ను నిటారుగా, మీసం అడ్డంగా, తలకు తెల్ల రుమాలు. భూమి ఎంత తగ్గితే నేను అంత పొడుగ్గా నిలబడేవాణ్ని.

మా ఇంటికి తాతలనాటి నియమాలు రెండు. భోజనం వేళకు ముందుకొచ్చి నిలబడిన మనిషిని ఎవరు నువ్వని అడగకూడదు, కంచం పెట్టాలి. ఇది మొదటిది. మనం మాత్రం ఎవరినీ ఏదీ అడగకూడదు. సాయం అడగకూడదు, సలహా అడగకూడదు, ఆఖరికి దారి కూడా అడగకూడదు. ఇది రెండోది.

మూడో నియమం నా సొంతం. సాఫ్ట్‌వేర్ రోజులొచ్చి మొయినాబాద్ చుట్టుపక్కల చేలల్లో జొన్నకు బదులు గేట్లు మొలవడం మొదలైంది. మా తాత పెట్టిన మామిడితోట చేతులు మారి మారి ఎవరో నగరం ఆసామి ఫాంహౌస్ అయింది. ఒకరోజు కాళ్ళకున్న అలవాటు కొద్దీ అటు వెళ్తే, గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న కాపలావాడు నోట్లోని బీడీ తీసి, "ఎవలు? ఎవలు కావాలె?" అన్నాడు. మా తాత నాటిన చెట్టు నీడలో కూర్చుని, నన్ను! ఆ రోజే నిర్ణయించుకున్నాను: ఇకమీదట ఏ గేటు దగ్గర ఎవరేమడిగినా తల ఒక్కసారి ఊపి ముందుకు సాగడమే తప్ప నోరు విప్పేది లేదు.

ఈ మూడు నియమాలూ విడివిడిగా ఉన్నంతకాలం లోకానికి ఏ హానీ జరగలేదు. ఒక మే నెల శుక్రవారం నాడు మూడూ ఒకచోట కలిశాయి.

మా అమ్మాయి శిరీషకు అప్పుడు తొమ్మిదేళ్ళు. జూపార్కులో తెల్లపులిని చూపిస్తానని దానికి మాట ఇచ్చి అప్పటికే రెండు ఎండాకాలాలు గడిచిపోయాయి. మొదటి ఏడు బస్సులో సీట్లు దొరకలేదు. నిలబడి ప్రయాణం చేయడం మా ఇంటావంటా లేదు గనక ఖాళీ బస్సు వచ్చేదాకా ఆగుదామన్నాను. మిట్టమధ్యాహ్నం దాకా ఆగి ఇంటికొచ్చాం. రెండో ఏడు సీట్లు బ్రహ్మాండంగా దొరికాయి. కాని అది వికారాబాద్ వెళ్ళే బస్సు. ఎక్కేముందు అడిగి ఉంటే తెలిసేది. అడగము కదా! తెల్లపులికి బదులు పిల్లకు వికారాబాద్ రైల్వేస్టేషన్ చూపించి తీసుకొచ్చాను. "ఇది సుత తెల్లగనే ఉన్నది బాపూ" అని అదే నన్ను ఓదార్చింది.

మూడో ఏడు, మా బావమరిది కొత్త కారు కొన్నాడు. వాళ్ళది శంకర్‌పల్లి దగ్గర ప్రొద్దుటూరు. కారు మా వాకిట్లో ఆపి, అద్దం దించి, "ఆదివారం పోరిని పులికాడికి నేను తీస్కపోత బావా. నువ్వు గూడ రారాదు, ఎన్క సీటు ఖాళీనే ఉన్నది" అన్నాడు.

వెనక సీటు! చదువుతున్న మీరే చెప్పండి, ఆ మాట విన్నాక వెన్నెముక ఉన్నవాడు ఊరుకుంటాడా?

"మా పోరికి మేం చూపిస్తం. నువ్వు ఫికర్ చేయకు" అన్నాను.

ఆ సాయంత్రం మా ఆవిడ సుగుణ బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే తీర్పు చెప్పింది. "శుక్రారం దాక చూస్త. మీరు పులిని చూపిస్తిరా, మంచిదే. లేకుంటె ఆదివారం మా తమ్మునితోని పోతం. ఇగ ఎండకాలమొస్తె పోరి వాని చెయ్యే పట్టుకోని తిరుగుతది. మీరు కిక్కురుమనొద్దు."

నవ్వుతూ అన్నా బాగుండేది. అలా అనలేదు. పొలాలు పోయినప్పుడు కూడా నాకు అంత గుబులు పుట్టలేదు. పిల్ల చెయ్యి!

బస్సులతో పని లేకుండా యాదయ్య ట్రాలీ ఆటో మాట్లాడాను. యాదయ్య అందులో రోజూ టమాటాలు, పూలు నింపుకొని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్తాడు. వెనక తొట్టిలో మా తాత చెక్క కుర్చీ వేయించి నేను కూర్చున్నాను. మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, సుగుణ, శిరీష చాప మీద కూర్చున్నారు. మిగిలిన చోటంతా గిన్నెలు. గంపెడు జొన్నరొట్టెలు, గంగాళం నిండా పులిహోర, పుంటికూర పచ్చడి, మామిడికాయ తొక్కు జాడీ, పెద్ద గంజులో పచ్చిపులుసు, కుండలో చల్ల, పైగా రెండు డబ్బాల గారెలు.

"మనం అయిదుగురం గద. ఇదంత ఎవలు తింటరత్తా?" అంది సుగుణ.

"తొవ్వల ఎవలన్న ఎదురైతె?" అంది మా అవ్వ. ఆమె లెక్కన ఎదురయ్యేవాళ్ళు ఎప్పుడూ ఒక ఊరంత ఉంటారు.

లంగర్‌హౌజ్ చౌరస్తా దగ్గర యాదయ్య ఆటో ఆపి మెడ వెనక్కి తిప్పాడు. "పటేలా, నాకు మార్కెట్ దాకనే ఎరుక. జూపార్కుకు ఎటు తిప్పాలె?"

"ఎడమకు."

"ఎవలనన్న అడుగుదామా?"

"అక్కర్లే. మా తాత గుర్రమెక్కి తిరిగిన పట్నమిది."

"గుర్రానికి ఎరుకుండేనేమో" అని సుగుణ కొంగు చాటున గొణిగింది.

ఎడమకు తిప్పాం. తిప్పాల్సింది కుడికని ఇప్పుడు నాకూ తెలుసు, మీకూ తెలుసు. ఆ రోజు మాత్రం ఎంతదూరం పోతే అంత సరైన దారిలా కనిపించింది. రోడ్లు వెడల్పయ్యాయి. రాళ్ళగుట్టల మధ్య అద్దాల మేడలు లేచాయి. "ఇన్ని అద్దాలేందిరా నర్సిమ్మా, రోజు వీటిని తుడిచేదెవలు?" అని మా అవ్వ దిగులుపడింది. ఎండ నడినెత్తికి వచ్చింది. శిరీష ముఖం వాడిపోయింది. అప్పుడు కనిపించింది ఒక పెద్ద గేటు. లోపల పచ్చటి గడ్డి, నీళ్ళు చిమ్మే ఫౌంటెన్, వరుసగా రంగురంగుల పందిళ్ళు.

"అగో, జూ తోట!" అన్నాను, ఆ తోటను నేనే వేయించినట్టు.

గేటు దగ్గర నీలం చొక్కా కాపలావాడు ఆపాడు. తొట్టిలోకి తొంగిచూశాడు. గిన్నెలను చూశాడు, రుమాలు చుట్టుకుని కుర్చీలో కూర్చున్న నన్ను చూశాడు.

"వంటలేనా?"

తల ఊపాను.

"ఊరి వంటలేనా?"

మళ్ళీ ఊపాను. అబద్ధమేముంది?

"గింత లేటైతె ఎట్లనయ్యా? మూడో పందిరి మీది. జల్దీ పోండ్రి."

ఆటో లోపలికి కదిలింది. నేను సుగుణ వైపు తిరిగి, "చూసినవా? పందిరి గూడ మనకోసం ఆపి పెట్టిండ్రు. మనిషిని చూస్తనే ఎరుకైతది" అన్నాను. సుగుణ ఏమీ అనలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఏమీ అనకపోవడం మంచి శకునమని నమ్మిన ప్రతిసారీ నేను దెబ్బతిన్నాను.

మూడో పందిరిలో తెల్ల గుడ్డ పరిచిన పొడవాటి బల్ల ఉంది. దాని మీద గిన్నెలు దించి, కింద చాప పరిచాం.

"పులి ఏదీ బాపూ?" అంది శిరీష.

"లోపలుంటది బిడ్డా. ముందు తిందాం. ఆకలితోని పులిని చూడొద్దు."

కంచాలు పెట్టామో లేదో, పందిరి ముందు ఒక కుర్రాడు వచ్చి నిలబడ్డాడు. బక్కపలచగా ఉన్నాడు, కళ్ళు లోతుకు పోయాయి, మెడలో తాడుకు ఏదో బిళ్ళ వేలాడుతోంది. చేతిలో ఖాళీ ప్లేటు. దీనంగా గంప వైపు చూసి, "ఏమున్నాయండీ?" అన్నాడు. మాట తీరును బట్టి కోస్తా వైపు వాడు.

మా అవ్వ గుండె కరిగిపోయింది. "జొన్నరొట్టె, పుంటికూర, పచ్చిపులుసు. పట్టు బిడ్డా."

వాడు జేబులోంచి ఒక పచ్చ చీటీ తీసి నాకు ఇవ్వబోయాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "చీటీ తీస్కోని అన్నం పెట్టే ఇల్లు కాదు మాది. లోపల పెట్టుకో."

"ఫ్రీనా అంకుల్?"

"తిను ముందుగాల."

తిన్నాడు. రెండో ముద్దకు వాడి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. తొక్కు ఘాటు వల్లేనని ఇప్పుడు అనుకుంటాను, అప్పుడు మాత్రం కృతజ్ఞత అనుకున్నాను. తింటూనే ఎవరికో ఫోన్ చేశాడు. ఆ తర్వాత అద్దాల మేడ తలుపులు తెరుచుకున్నాయి. పుట్ట మీద నీళ్ళు పోస్తే చీమలు బయటికి వచ్చినట్టు వచ్చారు. అందరి మెడల్లో తాళ్ళు, అందరి చేతుల్లో ఖాళీ ప్లేట్లు.

"పాపం, ఏం తోటనో గని, పోరగాండ్లకు మెడల పలుపులేసి పనిచేయించుకుంటుండ్రు. తిండి గూడ పెడ్తలేరేమో" అని మా అవ్వ ముక్కు చీదింది.

భోజనం వేళ. ముందుకొచ్చి నిలబడిన మనుషులు. ఎవరు మీరని అడిగే హక్కు నాకు లేదు. నేను రుమాలు సవరించుకుని, బల్ల వెనక మా తాతలా నిలబడ్డాను. అవ్వ రొట్టెలు తుంచింది, సుగుణ పచ్చిపులుసు పోసింది, యాదయ్య గారెలు పంచాడు. శిరీష కూడా లేచి చల్ల పోయసాగింది. నేను ఏమీ చేయలేదు. పర్యవేక్షించాను. చీటీ ఇవ్వబోయిన ప్రతివాడినీ అరచెయ్యి చూపించి ఆపాను. నిజం చెబుతున్నాను, ఆ గంటసేపు నాకు పోయిన ఎకరాలన్నీ తిరిగొచ్చినట్టే ఉంది.

నెరిసిన జుట్టు పెద్దమనిషి ఒకాయన రెండోసారి వరుసలోకి వస్తే మా అవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఏందిరా గింత బక్కగున్నవ్? ఇంట్ల అన్నం పెట్టరా?"

"పెడతారమ్మా. కాని పక్కన ఇట్ల నిలబడి తిడుతూ పెట్టేవాళ్ళు లేరు" అన్నాడాయన. అవ్వ ఇంకో రొట్టె వేసింది.

కాసేపటికి చేతిలో అట్టకు కాగితాలు బిగించుకున్న ఒక అమ్మాయి పరుగున వచ్చింది. "సార్, మీరు కూపన్లు ఎందుకు తీసుకోవట్లేదు? మిగతా స్టాళ్ళకు ఒక్కరూ వెళ్ళట్లేదు. వాళ్ళు గొడవ చేస్తున్నారు."

"అన్నానికి మా ఇంట్ల చీటీలు ఉండయమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి ఒక క్షణం నన్ను ఎగాదిగా చూసింది. "సూపర్ కాన్సెప్ట్ సార్!" అని రాసుకుని వెళ్ళిపోయింది. మా వంశానికి అది కొత్త బిరుదని అనుకుని కొంచెం తల వంచి స్వీకరించాను.

గంప అడుగు కనబడింది. అప్పుడు శిరీష నా పంచె లాగింది. "బాపూ, నాకు ఆకలైతుంది. పులికాడికి ఎప్పుడు పోతం?"

నేను గంప వైపు చూశాను. ఒకే రొట్టె మిగిలింది. అది పిల్ల చేతికిస్తున్నానో లేదో, గేటు నుంచి ఒక వ్యాను దుమ్ము లేపుకుంటూ వచ్చి పందిరి ముందు ఆగింది. అందులోంచి చెమటలు కక్కుతూ ఒక లావుపాటి మనిషి దిగాడు.

"నా పందిరిల మీరెవరు? టైరు పంచరై ఓ గంట లేటైతె ఇంకోళ్ళకు ఇచ్చేస్తరా?"

అట్ట పట్టుకున్న అమ్మాయి మళ్ళీ పరుగున వచ్చింది. కాగితం చూసింది, ఆయన్ని చూసింది, నన్ను చూసింది. "సార్, ఊరి వంటల స్టాల్ మీది కాదా? మరి మీరెవరు?"

అరవైమంది ప్లేట్లు పట్టుకుని నావైపు చూస్తున్నారు. ఒక్కరూ నమలడం లేదు. మా యాదయ్య గొంతు మాత్రం వినిపించింది. "పటేలా, బండి స్టార్ట్ చేయాల్నా?"

"ఇది... జూపార్కు కాదా?" అన్నాను.

"ఇది మా కంపెనీ సార్. ఇవాళ ఫుడ్ ఫెస్టివల్."

తల మీది రుమాలు ఒక్కసారిగా మూటంత బరువెక్కింది. అప్పటికే సెక్యూరిటీ ఆఫీసరు వచ్చేశాడు. నాకంటే నిటారుగా నిలబడే మనిషిని జీవితంలో మొదటిసారి చూశాను. "పర్మిషన్ లేకుండా లోపలికెట్ల వచ్చిండ్రు? ఆఫీస్ రూంకు రండ్రి. పేర్లు, అడ్రసులు రాయాలె, బండి చెక్ చేయాలె. రెండు మూడు గంటలు పడ్తది."

రెండు మూడు గంటలు! సాయంత్రానికి జూ మూసేస్తారు. శిరీష సగం కొరికిన రొట్టె పట్టుకుని నన్నే చూస్తోంది. సుగుణ కూడా చూస్తోంది. కోపంతో కాదు. అందుకే నాకు భయం వేసింది. ఆదివారం, బావమరిది కారు, ముందు సీట్లో పిల్ల, అన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి.

అంతలో వరుసలోంచి ఎవరో, "ఆఫీసర్ సాబ్, రాసుడు తర్వాత. మీరు తిన్నారా?" అన్నారు.

అవ్వ తిట్టిన బక్కాయన. చేతి వేళ్ళకు ఇంకా తొక్కు అంటుకునే ఉంది. ఆఫీసరు ఠక్కున కాళ్ళు దగ్గరికి చేర్చాడు. అట్ట అమ్మాయి గబగబా దుపట్టా సర్దుకుంది. ఆ కంపెనీ మొత్తానికీ పెద్ద ఆయనేనని అప్పుడు తెలిసింది. నేను అవ్వ వైపు చూశాను. అవ్వకు ఏ మార్పూ లేదు. "చెయ్యి కడుక్కోరాదు, కండ్లకు తగుల్తది" అని ఆయన్ని గదమాయించింది.

ఆయన నవ్వి నా దగ్గరికొచ్చాడు. "మా వాళ్ళంతా తిన్నారు. మీకేం కావాలో అడగండి సార్."

అడగండి అన్నాడు. మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ చేయని పని. నేను ఆయన ముఖం చూశాను, మేడను చూశాను, ఆకాశాన్ని చూశాను. చివరికి శిరీషను చూశాను. దాని చెయ్యి పట్టుకుని అడిగాను.

"అయ్యా, తెల్లపులి కాడికి తొవ్వ ఎటు?"

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. ఆశ్చర్యమేమిటంటే నాకేమీ కాలేదు. మీసం ఊడిపోలేదు, భూమి చీలలేదు. ఒక కుర్రాడు కుడికి అన్నాడు, ఇంకొకడు ఎడమకు అన్నాడు, మూడోవాడు కాగితం మీద పటం గీయసాగాడు. నగరంలో దారి అడిగితే ఇంతమందికి ఇంత సంతోషం కలుగుతుందని ముందే తెలిసి ఉంటే ఆ రెండు ఎండాకాలాలూ వృథా అయ్యేవి కావు.

పెద్దాయన ఎవరి దారినీ నమ్మలేదు. "మన బస్సు పంపండి" అన్నాడు. వ్యానులో వచ్చిన లావుపాటి ఆయన ఇంకా గునుస్తుంటే, మా అవ్వ డబ్బాలో మిగిలిన గారెలు ఆయన చేతిలో పెట్టింది. "కారం తక్కువైంది" అంటూ నాలుగు తిన్నాడు.

బస్సు ఎక్కబోతుంటే మైకులో ఏదో అరిచారు. తిన్నవాళ్ళు తమకు నచ్చిన పందిరి సంఖ్యను చీటీల మీద రాసి డబ్బాలో వేయాలట. నేను వద్దన్న చీటీలన్నీ మూడో పందిరికే పడ్డాయి. అట్ట అమ్మాయి మెరిసే కాగితం చుట్టిన మిక్సీ ఒకటి తెచ్చింది. నేను ఛాతీ విరిచి, "అమ్మా, మేము బహుమానాలు ఇచ్చినోళ్ళమే గని తీసుకున్న..." అని మొదలుపెట్టాను. వాక్యం పూర్తయ్యేసరికి మిక్సీ సుగుణ ఒళ్ళో ఉంది.

చల్లటి బస్సు, మెత్తటి సీట్లు. అందరూ కూర్చునే వచ్చాం. వెనక ఖాళీ గంగాళం గలగలలాడిస్తూ యాదయ్య ట్రాలీ, అందులో నా కుర్చీ. జూ గేటు ముందు మేం దిగిన తీరుకు అక్కడున్నవాళ్ళు ఎవరో మంత్రి కుటుంబమని పక్కకు జరిగారు. మా బావమరిది ఆ సమయానికి అక్కడ లేకపోవడమొక్కటే ఆ రోజు లోటు.

తెల్లపులి ఉంది. నిజంగానే తెల్లగా ఉంది. కాని గోడ వైపు ముఖం పెట్టి పడుకుంది. జనం ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు, బతిమాలారు. అది చెవి కూడా కదపలేదు.

"బాపూ, పులి ఇటు చూస్తలేదేంది?" అంది శిరీష.

నాకంటే ముందు సుగుణ జవాబిచ్చింది. "పెద్దింటిది గద బిడ్డా. ఎవలన్న పిలిస్తె పలుకుతదా?"

శిరీష నన్ను చూసింది, పులిని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. ఇక ఆ నవ్వు ఆగలేదు. ఆ నవ్వుకో ఏమో, పులి మెల్లగా ఇటు తిరిగి నోరంతా తెరిచి ఆవులించింది. పిల్ల కేక పెట్టి నా వేలు గట్టిగా పట్టుకుంది. ఆ వేలు రెండు రోజులు నొప్పి పెట్టింది. ఎవరికీ చెప్పుకోలేదు, ఎందుకంటే అంత సుఖమైన నొప్పి నాకెప్పుడూ కలగలేదు.

సుగుణ కటకటాల వైపు చూస్తూనే అంది. "ఆదివారం రావొద్దని మా తమ్మునికి ఫోన్ చేస్త. వచ్చే ఎండకాలం పట్నంల కోట గూడ మీరే చూపియ్యుండ్రి. గేటు కాడ మాత్రం నేను మాట్లాడ్త."

నేను రుమాలు తీసి చేత్తో పట్టుకుని, ఆవులిస్తున్న పులి సాక్షిగా అక్కడికక్కడే శపథం చేశాను. ఇక ఈ జన్మలో గడ్డి పచ్చగా ఉంది కదా అని చాప పరవను. గేటు దగ్గర అడిగిన ప్రశ్నకు తల ఊపి ఊరుకోను. పిలవని పందిరిలో బహుమతి పొందను. ఆ శపథాన్ని ఈనాటికీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. ఏ గేటైనా సరే, నేను నోరు తెరిచేలోపే సుగుణ మా ఊరు, పేరు, వచ్చిన పని, మధ్యాహ్నం వండిన కూర అన్నీ చెప్పేస్తుంది గనక, పాటించడం ఏమంత కష్టంగా కూడా లేదు.